షుగర్ ఉన్నవాళ్లు పళ్లెంలో ప్రొటీన్‌కి చోటు ఎలా చేసుకోవాలి

షుగర్ ఉందని తెలిశాక మన ఇళ్లలో ముందుగా మారేది బియ్యం. సోనా మసూరి పోయి బ్రౌన్ రైస్ వస్తుంది. అది మింగుడుపడక కొర్రలు వస్తాయి. రాత్రి అన్నం మానేసి చపాతీ మొదలవుతుంది. ఇంత చేశాక, రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే అంకె దాదాపు అక్కడే ఉంటుంది, ఇంట్లో అందరికీ టెన్షన్. ధాన్యం మారింది గానీ పిండి పదార్థం కొలత మారలేదు, అంతే సంగతి.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2025లో వెలువడ్డాయి. మనవాళ్లు రోజూ తినే కేలరీల్లో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి, ప్రొటీన్ నుంచి వచ్చేది 12 శాతమే. తెల్ల బియ్యం తీసేసి అంతే కొలతలో గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెడితే షుగర్ వచ్చే అవకాశం తగ్గినట్టు ఆ లెక్కల్లో కనిపించలేదు. పిండి పదార్థాల నుంచి వచ్చే కేలరీల్లో ఒక 5 శాతం తగ్గించి, ఆ స్థానంలో పప్పుల నుంచో పాలూ పెరుగు నుంచో వచ్చే ప్రొటీన్ పెడితే మాత్రం తగ్గుతుందని తేలింది. "ఆ స్థానంలో" అన్న మాట గుర్తుపెట్టుకోండి. అన్నం ఎప్పటిలాగే తింటూ పైన రెండు గుడ్లు కలిపితే కేలరీలు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

1. ముందు డాక్టర్‌తో రెండు విషయాలు తేల్చుకోండి

మొదటిది కిడ్నీ. క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఈ మధ్య చేయించుకోకపోతే ఇప్పుడు చేయించుకోండి. కిడ్నీ పనితీరు తగ్గి, ఇంకా డయాలసిస్ దాకా వెళ్లనివాళ్లకు మామూలుగా రోజుకు కిలో బరువుకు 0.8 గ్రాములకు మించి ప్రొటీన్ వద్దంటారు. కొందరికి ఇంకా తగ్గిస్తారు. షుగరుతో పాటు బీపీ కూడా ఉన్నవాళ్లు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతాలవాళ్లు ఈ పరీక్షలు చూసుకోకుండా ప్రొటీన్ పెంచకూడదు.

రెండోది మందులు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే షుగర్ డౌన్ అవుతుంది. చెమటలు, చేతుల వణుకు, కళ్లు తిరగడం. మీటర్‌లో 70 కంటే తక్కువ కనిపిస్తుంది. అలాంటప్పుడు మూడు చెంచాల చక్కెరో గ్లూకోజ్ పొడో నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. ఆ సమయంలో చాలామంది పాలు తాగిస్తారు, పల్లీలు పెడతారు. వాటిలోని ప్రొటీన్ ఇన్సులిన్‌ను ఇంకా పెంచుతుంది గానీ షుగర్‌ను త్వరగా పైకి లేపదు. అందుకే షుగర్ డౌన్‌కి అవి పనికిరావు. అన్నం తగ్గించబోతున్నానని ముందే చెబితే మాత్ర డోసు డాక్టరే సర్దుతారు.

2. ఇప్పుడు ఎంత తింటున్నారో లెక్క కట్టండి

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఐసీఎంఆర్-ఎన్‌ఐఎన్ చెప్పిన కొలత రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్. 60 కిలోలుంటే 50 గ్రాములు. ఎన్‌ఐఎన్ అంటే జాతీయ పోషకాహార సంస్థ, మన హైదరాబాద్ తార్నాకలోనే ఉంది.

"మేం రోజూ పప్పు తింటాం, ప్రొటీన్‌కి లోటేంటి" అంటారు. లోటు గిన్నెలో ఉంటుంది. రేపు పప్పు కుక్కర్‌లో వేసే ముందు ఒకసారి తూచండి. నలుగురున్న ఇంట్లో మామూలుగా ఓ చిన్న గ్లాసు కందిపప్పు పోస్తారు, ఏ 100 గ్రాములో ఉంటుంది. దాన్లో రెండు టమాటాలో, ఓ కట్ట పాలకూరో వేసి, నీళ్లు పోసి జారుగా చేస్తారు. 100 గ్రాముల కందిపప్పులో ప్రొటీన్ సుమారు 22 గ్రాములు. మనిషి వాటాకు ఐదారు గ్రాములొస్తుంది. ఒక కోడిగుడ్డుకు సమానం. ఇక పప్పుచారు, సాంబారు పెట్టిన రోజున అందులో సగం కూడా ఉండదు. చారు సంగతి చెప్పనక్కర్లేదు.

మిగతావాటి లెక్క ఉజ్జాయింపుగా ఇదీ: గుడ్డు ఒకటికి 6 గ్రాములు, ఎముక లేని పచ్చి చికెన్ 100 గ్రాములకు 20, చేప 18 నుంచి 20, పనీర్ 18, పెరుగు 100 గ్రాములకు 3, గ్లాసు పాలకు 6, గుప్పెడు పల్లీలకు 7. ఎండు మీల్ మేకర్ 30 గ్రాములకు 15 గ్రాములొస్తుంది, ఖర్చు పరంగా దీన్ని కొట్టేది లేదు. బియ్యంలోనూ 100 గ్రాములకు 8 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. కాకపోతే దానితో పాటు 78 గ్రాముల పిండి పదార్థం మోసుకొస్తుంది. శాకాహారుల ఇళ్లలో లెక్క కట్టిచూస్తే ప్రొటీన్‌లో పెద్ద వాటా బియ్యం, గోధుమలదే అని తేలుతుంది. అన్నం తగ్గిస్తే ఆ వాటా కూడా తగ్గుతుంది కాబట్టి ఆ లోటు వేరేచోట నుంచి పూడ్చాలి.

3. ఏ ప్రొటీన్ షుగర్‌ను ఏం చేస్తుందో తెలుసుకోండి

ప్రొటీన్ అంతా ఒకటి కాదు. దానితో పాటు ఏమొస్తుందో చూడాలి.

పప్పులు, గింజలు: కందిపప్పులో సగానికి పైగా పిండి పదార్థమే. అయినా షుగర్ ఒక్కసారిగా లేవదు, పీచు వల్ల నెమ్మదిగా అరుగుతుంది. శనగలు, పెసలు, ఉలవలు, అలసందలు పొట్టుతో గింజగా తింటే ఇంకా మంచిది. వీటికి ఇంకో గుణముంది. పొద్దున గింజలు తింటే మధ్యాహ్నం తిన్న అన్నానికి కూడా షుగర్ కొంచెం తక్కువగా పెరుగుతుంది. దీన్ని రెండో భోజనం ప్రభావం అంటారు. అయితే గింజను మెత్తని పిండి పట్టించి, నూనెలో వేయించి బజ్జీలుగానో జంతికలుగానో చేస్తే ఆ మేలు చాలావరకు పోతుంది. ఉలవచారు ఇష్టమని ఉలవలు తిన్నట్టు లెక్కేసుకోకండి. చారు కాచేది ఉడికిన నీళ్లతో. గింజలు పూర్వం పశువులకు పెట్టేవాళ్లు. ప్రొటీన్ పరంగా పశువులకే మంచి వాటా దక్కేది. మీరు గుగ్గిళ్లు చేసుకోండి.

గుడ్లు, చేప, చికెన్: పిండి పదార్థం దాదాపు సున్నా, కాబట్టి విడిగా తింటే షుగర్ పెద్దగా కదలదు. అసలు ప్రమాదం వాటి పక్కన ఉండేదాంట్లో ఉంది. చేపల పులుసు మంచిదే, కానీ ఆ పులుసు రుచికి అన్నం రెండింతలు లాగిస్తారు. చికెన్ 65కి కార్న్‌ఫ్లోర్ పూత, బిర్యానీకి ఓ పళ్లెం అన్నం తోడవుతాయి. బొచ్చె, శీలావతి, కొరమీను ఏదైనా ముక్కలు పెనం మీద తక్కువ నూనెతో కాల్చుకుంటే సరిపోతుంది. ఎండుచేపలో ప్రొటీన్ దండిగా ఉంటుంది, ఉప్పు అంతకంటే దండిగా ఉంటుంది. బీపీ ఉంటే దూరం పెట్టండి.

మటన్: వారానికి ఒకసారి తింటే కొంప మునగదు. రోజువారీ ప్రొటీన్‌గా మాత్రం పెట్టుకోకండి. 20 దేశాల్లో దాదాపు 20 లక్షల మంది వివరాలతో 2024లో వచ్చిన విశ్లేషణలో, రోజుకు 100 గ్రాముల రెడ్ మీట్ తినేవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 10 శాతం ఎక్కువ కనిపించింది. సాసేజ్, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసమైతే 50 గ్రాములకే 15 శాతం ఎక్కువ. పిల్లలకు ఫ్రిజ్‌లో పెట్టే సాసేజ్ ప్యాకెట్లు ఈ కోవలోవే.

పాలు, పెరుగు, పనీర్: పెరుగు మీద నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. చక్కెర వేయని పెరుగు, చిక్కని మజ్జిగ షుగర్‌వాళ్లకు బాగానే పనిచేస్తాయి. పాలల్లో లాక్టోజ్ ఉంటుంది, గ్లాసుకు 9, 10 గ్రాముల పిండి పదార్థంగా లెక్కలో వేసుకోండి. పనీర్‌తో షుగర్‌కి ఇబ్బంది లేదు, కొవ్వు మాత్రం ఎక్కువ. వేయించకుండా భుర్జీ చేసుకోండి.

ప్రొటీన్ పౌడర్లు: వండుకుని తినగలిగేవాళ్లకు అవసరం లేదు. 2024లో ఎన్‌ఐఎన్ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా ఇవి వద్దనే చెప్పాయి. డబ్బా వెనక మాల్టోడెక్స్‌ట్రిన్ అని కనబడితే అది షుగర్‌ను చక్కెరలాగే పెంచే పదార్థమని తెలుసుకోండి.

4. తినే వరుస మార్చండి

పైసా ఖర్చు లేని పద్ధతి ఇదే, చాలామంది దీన్నే వదిలేస్తారు. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలవాళ్లు టైప్ 2 షుగర్ ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరుసల్లో పెట్టారు. ఒక రోజు బ్రెడ్, ఆరెంజ్ జ్యూస్ ముందు ఇచ్చి, చికెన్, కూరగాయలు తర్వాత ఇచ్చారు. ఇంకో రోజు అదే భోజనం తిరగేసి ఇచ్చారు. చికెన్, కూరగాయలు ముందు తిన్న రోజు గంట తర్వాతి షుగర్ సుమారు 37 శాతం తక్కువ వచ్చింది. చిన్న ప్రయోగమే, కానీ తర్వాత చేసినవాటిలోనూ ఇదే ధోరణి కనిపించింది. ప్రొటీన్ ముందు లోపలికి వెళ్తే పొట్ట ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది, ఇన్సులిన్ ముందుగానే సిద్ధమవుతుంది. బరువు తగ్గడానికి ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న ఇంజెక్షన్లు అనుకరించేది ఈ హార్మోన్‌నే.

మన భోజనంలో దీన్ని అమలు చేయడం అంత తేలిక కాదు. పప్పుతో ఒక వాయి, కూరతో ఒక వాయి, పులుసో చారో పోసుకుని ఒక వాయి, చివర పెరుగన్నం. ప్రతి వంటకానికీ కొత్తగా అన్నం పడాల్సిందే. కూర రుచి కూడా అన్నంలో కలపడానికని ఉప్పూకారం ఎక్కువగా వేసి చేసిందే. వట్టిగా తింటే నోరు మండుతుంది. కాబట్టి మార్పు వంటింట్లోనే మొదలవ్వాలి.

కూరలో ఉప్పూకారం మూడో వంతు తగ్గించండి. పప్పు గట్టిగా చేయించండి. కూర్చోగానే ఒక గిన్నెలో పప్పు, ఇంకో గిన్నెలో కూర పెట్టుకుని, నాలుగు కీరా ముక్కలతో కలిపి చెంచాతో సగం దాకా తినేయండి. గుడ్డు, చికెన్ ఉంటే ముక్కలు ఇప్పుడే. ఓ పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత అన్నం ఒకేసారి పళ్లెంలో పెట్టుకోండి, చిన్న కప్పుతో కొలిచి. అన్నం గిన్నె వంటింట్లోకి వెళ్లిపోవాలి. ఆ ఒక్క కప్పునే మిగిలిన పప్పుకీ కూరకీ పంచుకోవాలి. పెరుగు చివర్లో వట్టిగా తినండి, లేదా మజ్జిగ తాగండి.

"పెరుగన్నం లేకుండా భోజనం చేసినట్టే ఉండదు నాన్నా" అనే అత్తమ్మలుంటారు. వాళ్లతో వాదించకండి. పప్పన్నం మానేసి ఆ కప్పు అన్నాన్ని పెరుగుకే దాచుకోమనండి. ఒక వాయి తగ్గితే చాలు.

5. టిఫిన్‌ను గట్టిగా మార్చండి

తెల్లవారుజామున శరీరం విడుదల చేసే కొన్ని హార్మోన్ల వల్ల షుగర్ ఉన్నవాళ్లలో పొద్దున ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. సరిగ్గా ఆ వేళకే మనం ఉప్మా, పూరీ, దోసె, అటుకులు తింటాం. మధ్యాహ్నం కనీసం పప్పూ కూరా ఉంటాయి. టిఫిన్‌లో ఉండేది పిండి, దానికో చట్నీ.

మనకున్నవాటిలో పెసరట్టును మించింది లేదు. మనిషికి 60 గ్రాముల పొట్టు పెసలు రాత్రి నానబెడితే పొద్దునకి రెండు అట్లు వస్తాయి, 13 గ్రాముల దాకా ప్రొటీన్. కరకరలాడాలని గుప్పెడు బియ్యం వేసే అలవాటు ఉంటే మానేయండి. బదులుగా పిండి మరీ మెత్తగా రుబ్బకుండా కాస్త బరకగా ఉంచి, పలచగా లాగి, పెనం బాగా కాగాక వేయండి, కరకరలాడుతుంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర పిండిలోనే రుబ్బుకోవచ్చు. పైన ఉల్లిపాయ ముక్కలు ఎన్నైనా చల్లుకోండి. ఎమ్మెల్యే పెసరట్టు మాత్రం వేరే కథ. లోపల పెట్టే ఉప్మా అంతా రవ్వే, పెసలు చేసిన మేలును అదే తినేస్తుంది. హోటళ్లలో అల్లం పచ్చడి బెల్లంతో తీయగా ఉంటుంది, దానికి బదులు పల్లీ చట్నీ అడగండి.

ఇడ్లీ మానలేకపోతే కొలత మార్చండి. మామూలుగా ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ వేస్తాం. ఒకటిన్నర గ్లాసుకు తగ్గించినా మెత్తగానే వస్తాయి. నాలుగు ఇడ్లీల చోట రెండు తిని, పక్కన రెండు ఉడికించిన గుడ్లో, కప్పు శనగల గుగ్గిళ్లో పెట్టుకోండి. ఉప్మా చేసే రోజున రవ్వ సగం వేసి, బఠానీలు, బీన్స్, నానబెట్టి పిండిన మీల్ మేకర్ తురుము కలపండి. పిల్లలు కనిపెట్టలేరు. మొలకలు తినేవాళ్లు పచ్చివి కాకుండా ఆవిరి మీద ఉడికించి తింటే కడుపుకు మంచిది.

సాయంత్రం టీతో బిస్కెట్ల బదులు ఉడికించిన పల్లీలో, పుట్నాలో గుప్పెడు చాలు. గుప్పెడంటే మూసిన గుప్పెడే. పల్లీల్లో కొవ్వు ఎక్కువ, టీవీ చూస్తూ తింటే పావుకిలో అయిపోతుంది. శ్రావణమాసంలో వాయనాలుగా వచ్చే శనగలు ఇంటినిండా ఉంటాయి. ఉడికించి తాలింపు వేసుకుంటే మూడు నాలుగు సాయంత్రాలకు లోటుండదు.

6. గ్యాస్ సంగతి ముందే చూసుకోండి

గింజలు పెంచగానే వచ్చే ఫిర్యాదు ఇదే, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. మొదటి వారం రోజుకు పావు కప్పు ఉడికిన గింజలతో ఆపండి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో వేలితో నొక్కితే మెదిగేలా ఉడికించండి. తాలింపులో ఇంగువ, వాము వేయండి. వారానికి కొంచెం చొప్పున పెంచితే కడుపు అలవాటు పడుతుంది.

7. మీటర్‌తో మీకు మీరే పరీక్ష పెట్టుకోండి

మీ శరీరానికి ఏది పనిచేస్తుందో మీ మీటరే చెప్పాలి. ఒక రోజు మీరు మామూలుగా తినే వరుసలో తినండి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన టైమ్ రాసుకుని, సరిగ్గా రెండు గంటలకు చూడండి. మర్నాడు అదే పప్పు, అదే కూర, అంతే అన్నం, వరుస మాత్రం మార్చి తినండి. మళ్లీ రెండు గంటలకు చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. అన్నం తగ్గించి, వరుస మార్చి, తిన్నాక నడక కూడా మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో తెలీదు. చాలామందికి తిన్నాక 180 లోపు, పరగడుపున 80 నుంచి 130 మధ్య ఉంటే చాలంటారు. వయసు, ఇతర జబ్బులను బట్టి మీ డాక్టర్ వేరే అంకె చెబితే అదే మీ లక్ష్యం.

బిర్యానీ తిన్న రోజున రెండు గంటల అంకె చూసి సంబరపడకండి. నూనె, నెయ్యి, మాంసం ఎక్కువైనప్పుడు అరుగుదల వెనక్కి జరుగుతుంది. అసలు పెరుగుదల మూడు నాలుగు గంటలకు రావచ్చు. టైప్ 1 ఉండి ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆ రోజు నాలుగు గంటలకు కూడా ఒకసారి వేలు పొడుచుకోవాల్సిందే.

8. తిన్న ప్రొటీన్‌కి పని చెప్పండి

పుణే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, తన లండన్ సహచరుడు జాన్ యుడ్కిన్‌తో దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9 శాతం, యాజ్ఞిక్‌కి 21 శాతం. చూడ్డానికి సన్నగానే ఉన్నా మనవాళ్లలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. తిన్న గ్లూకోజ్‌లో పెద్ద భాగాన్ని లాక్కునేవి కండరాలే కాబట్టి కండ తక్కువైతే షుగర్ రక్తంలోనే తిరుగుతుంటుంది. ప్రొటీన్ ఎంత తిన్నా కూర్చుంటే కండ పెరగదు. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకు ఆనుకుని పుషప్స్, నీళ్ల సీసాలు ఎత్తడం లాంటివి చేయండి. అరవై దాటినవాళ్లకు నడక కంటే ఇవే ముందు కావాలని నా అభిప్రాయం, మోకాళ్లు సహకరించినంత వరకు.

హెచ్‌బీఏ1సీ అంటే గడిచిన రెండు మూడు నెలల సగటు. అందుకని నెల తిరక్కుండానే దానికోసం ల్యాబ్‌కి పరిగెత్తకండి. మూడు నెలలయ్యాక దానితో పాటు క్రియాటినిన్, లిపిడ్ ప్రొఫైల్ కూడా చేయించండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీటర్ అంకెలు రాసుకున్న పుస్తకం తీసుకెళ్లండి. ఏ మాత్ర తగ్గించాలో, ఏది ఉంచాలో ఆ అంకెలు చూసి ఆయన చెబుతారు. మీ అంతట మీరు మానేయకండి.